లాక్ ఎక్కడ వేయాలి, ఎంతసేపు ఉంచాలి

(హన్మకొండలో కంప్యూటర్ సైన్స్ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగం. రికార్డింగ్ విని రాసినది. చివర్లో కొన్ని ప్రశ్నలు, జవాబులు ఉన్నాయి.)

అందరికీ నమస్కారం.

డేటాబేస్‌లో ట్రాన్సాక్షన్ (అన్నీ కలిసి ఒక్కటిగా జరగాల్సిన పనులు) పాటించాల్సిన యాసిడ్ నియమాలేమిటి, ఒకేసారి నడిచే ట్రాన్సాక్షన్లను ఒకదాన్నుంచి ఒకటి ఎంత విడిగా ఉంచాలో చెప్పే ఐసోలేషన్ లెవెల్స్ ఎన్ని, ఇంకా కమిట్ కాని, అంటే ఖాయం కాని డేటా చదివే డర్టీ రీడ్ అంటే ఏమిటి, ఇవన్నీ మీరు పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నారు. ఏ లెవెల్‌లో ఏ తప్పు జరగవచ్చో చూపే ఆ టేబుల్‌ను మళ్లీ బోర్డు మీద గీయను. అసలే భోజనాల తర్వాత సెషన్ ఇది. ఉద్యోగంలో చేరాక ఆ టేబుల్ గురించి మిమ్మల్ని ఎవరూ అడగరు. రాత్రి ఫోన్ చేసి, "సైట్ బాగా స్లో అయింది, లాకులేమైనా తీసేయొచ్చా?" అని అడుగుతారు. లాక్ అంటే ఒకరు వాడుతున్న డేటాను ఇంకొకరు ముట్టకుండా వేసే తాళం. తీసేయొచ్చా? తీసేస్తే ఏం పోతుంది? ఈ గంటసేపూ దాని గురించే మాట్లాడుకుందాం.

నేను చెప్పదలచుకున్నది ముందే చెప్పేస్తాను, మధ్యలో ఎవరికైనా కునుకు పడితే నష్టం ఉండదు. స్పీడ్ కోసం ఐసోలేషన్ తగ్గించే ముందు, మీ సిస్టమ్‌లో ఏ నియమం చెడకూడదో కాగితం మీద రాయండి. రాయడం మొదలుపెడితే చాలాచోట్ల గట్టి లాక్ అవసరమే లేదని తెలుస్తుంది. నిజంగా అవసరమున్న ఒకటి రెండు చోట్ల మాత్రం లెవెల్ పేరు చూసి నమ్మితే సరిపోదు. ఇక స్లో అయిందంటారా, దానికి లాక్ కంటే, లాక్ పట్టుకుని కూర్చుని మనం చేసే పనికిమాలిన పనులే ఎక్కువసార్లు కారణం.

ఒక ఉదాహరణ పట్టుకుని చివరిదాకా దానితోనే నడుద్దాం. వరంగల్‌లోని ఎనుమాముల వ్యవసాయ మార్కెట్ మీలో చాలామందికి తెలుసు. తెలియనివాళ్లు మిర్చి సీజన్‌లో ఆ దారిన బైక్ మీద వెళ్లి ఉంటే కళ్లు చెప్పే ఉంటాయి. (నవ్వులు) అక్కడ పొద్దున జెండా పాట, అంటే ధర పలికే వేలం ఉంటుంది. రైతు, అడ్తిదారు (కమీషన్ ఏజెంట్), ఖరీదుదారు (సరుకు కొనే వ్యాపారి), దడవాయి (తూకం వేసేవాడు), హమాలీ, ఎవరి పని వాళ్లది. చివరికి తక్‌పట్టీ, అంటే అమ్మకం రసీదు రాస్తారు. 2016లో కేంద్రం ఈ-నామ్ అనే ఆన్‌లైన్ వ్యవసాయ మార్కెట్ మొదలుపెట్టాక మార్కెట్ యార్డుల్లో కంప్యూటర్ మీద ధర వేయడం కూడా మనవాళ్లకు కొత్త కాదు.

ఇప్పుడు మనమే ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కడుతున్నాం అనుకుందాం. నేను చెప్పేది ఏ మార్కెట్లోనో నిజంగా నడుస్తున్న సాఫ్ట్‌వేర్ గురించి కాదు, ఈ హాల్లో మనం ఊహించుకుంటున్న దాని గురించి. రైతు తెచ్చిన బస్తాల కుప్పకు ఒక లాట్ నంబర్. ఖరీదుదారు తన ఫోన్ నుంచి లాట్‌కు బిడ్ వేస్తాడు. ఒకరి ధర ఇంకొకరికి కనబడదు. టైమ్ అయ్యాక ఎక్కువ ధర వేసినవాడికి సరుకు. ఇంకో నియమం ఉంది. ప్రతి ఖరీదుదారుకూ అతను కట్టిన డిపాజిట్‌ను బట్టి ఒక పరిమితి. అతను వేసిన బిడ్ల మొత్తం ఆ పరిమితి దాటకూడదు. దాటితే రేపు రైతుకు డబ్బు ఇచ్చేటప్పుడు చేతులెత్తేస్తాడు. రైతు బస్తాలు దించాక, తూకం అయ్యాక, డబ్బు లేదంటే పరిస్థితి ఏమిటో మీ ఇళ్లలో చాలామందికి నేను చెప్పక్కర్లేదు.

ఒక ఖరీదుదారుకు పరిమితి 10 లక్షలు. ఇప్పటికే 6 లక్షల బిడ్లు వేశాడు. ఇద్దరు గుమాస్తాలు రెండు షెడ్లలో తిరుగుతున్నారు, ఇద్దరి దగ్గరా యాప్ ఉంది. ఒకడు 41వ లాట్‌కు 3 లక్షలు, ఇంకొకడు 87వ లాట్‌కు 3 లక్షలు, ఇద్దరూ ఒకే సెకనులో బటన్ నొక్కారు. మన ప్రోగ్రామ్ ఏం చేస్తుంది? ట్రాన్సాక్షన్ మొదలుపెట్టి, ఆ ఖరీదుదారు బిడ్లన్నీ కూడుతుంది. 6 లక్షలు వచ్చింది. 6, 3 కలిపితే 9, పదిలోపే. సరే, కొత్త బిడ్ చేర్చు, కమిట్. రెండో ఫోన్‌కూ అదే లెక్క, అదే 9. అది కూడా కమిట్. మొత్తం 12 లక్షలు.

ఒక్క నిమిషం ఆగి చూడండి, తప్పు ఎవరిది? కమిట్ కాని డేటా ఎవరూ చదవలేదు. ఒకసారి చదివిన వరుస (డేటా టేబుల్లో ఒక రో) మళ్లీ చదివితే మారలేదు. ఒకరు రాసింది ఇంకొకరు చెరపలేదు, ఎందుకంటే ఇద్దరూ రాసింది వేర్వేరు వరుసలు. స్నాప్‌షాట్ మీద, అంటే ఒక క్షణం నాటి డేటా బొమ్మ మీద నడిచే డేటాబేస్‌లో, మీ పుస్తకంలోని టేబుల్‌లో పేర్లున్న మూడు తప్పుల్లో ఒక్కటీ జరగలేదు. అయినా నియమం చెడింది. దీన్ని రైట్ స్క్యూ అంటారు. 1995లో బెరెన్సన్, బెర్న్‌స్టీన్, జిమ్ గ్రే, మెల్టన్, ఓనీల్ దంపతులు రాసిన ఒక పేపర్‌లో దీన్ని వివరంగా చూపించారు. డేటాబేస్‌తో మాట్లాడే భాష ఎస్‌క్యూఎల్‌కు 1992లో వచ్చిన ప్రమాణంలోని లెవెల్స్ నిర్వచనాలు ఎంత వదులుగా ఉన్నాయో చెప్పడానికే ఆ పేపర్ రాశారు. వెతికి చదవండి, ముచ్చటగా ఉంటుంది. పెద్దలు ప్రమాణాల కమిటీని ఎంత మర్యాదగా ఉతకవచ్చో తెలుస్తుంది.

కొంచెం వెనక్కి వెళదాం. 1976లో ఐబీఎం శాన్ హోసే ల్యాబ్‌లో ఈశ్వరన్, గ్రే, లోరీ, ట్రెయిగర్ ఒక పేపర్ రాశారు. అదే ఏడాది మన కాకతీయ యూనివర్సిటీ పెట్టారు, సంవత్సరం గుర్తుపెట్టుకోవడానికి మీకు సులువు. ఎన్ని ట్రాన్సాక్షన్లు ఒకదానిలో ఒకటి కలిసిపోయి నడిచినా, చివరి ఫలితం వాటిని ఏదో ఒక వరసలో ఒకటి తర్వాత ఒకటి నడిపినట్టు ఉండాలి. సీరియలైజబుల్ అంటే ఇంతే. దానికోసం రెండు దశల లాకింగ్ చెప్పారు: లాకులు తీసుకుంటూ పోవాలి, ఒక్కటి వదిలాక మళ్లీ కొత్తది తీసుకోకూడదు. ఒక షరతుకు సరిపోయే, ఇంకా పుట్టని వరుసలను కూడా ఎలా లాక్ చేయాలన్న ప్రశ్న కూడా ఆ పేపర్లోనే ఉంది. మన గుమాస్తాల గొడవ సరిగ్గా అదే కదా, ఒకడు కూడుతున్నప్పుడు రెండోవాడి వరుస ఇంకా పుట్టలేదు.

ఆ నిర్వచనం ప్రోగ్రామర్‌కు ఇచ్చే సౌకర్యం ఎంత పెద్దదో చాలామంది గమనించరు. మీ ట్రాన్సాక్షన్ ఒంటరిగా నడిస్తే సరిగ్గా పనిచేస్తుందా? అది చూసుకుంటే చాలు. పక్కన ఇంకో వంద నడుస్తున్నాయా, అవి ఎక్కడ దూరతాయి అన్నది మీ తలనొప్పి కాదు. లెవెల్ ఒక మెట్టు దించిన క్షణం నుంచీ ఆ తలనొప్పి మీ దగ్గరికి వస్తుంది. మీ ప్రోగ్రామ్‌లోని ప్రతి ట్రాన్సాక్షన్‌నూ మిగతా ప్రతిదానితో జత చేసి, ఏం జరగవచ్చో ఆలోచించాలి. ఎంతమంది ఆలోచిస్తారు?

విచిత్రమేమిటంటే, అదే 1976లో గ్రే, లోరీ, ట్రెయిగర్‌లే పుట్జోలుతో కలిసి ఇంకో పేపర్ కూడా రాశారు. అందులో 0 నుంచి 3 దాకా 'డిగ్రీలు' పెట్టారు, అంటే ఎంత వదులు కావాలో ఎంచుకోవచ్చు అని. గట్టి నియమం పెట్టినవాళ్లే సడలింపులూ రాశారు. వాళ్లు యంత్రం కట్టి నడిపినవాళ్లు, లాకుల ఖర్చు వాళ్లకు తెలుసు. కాబట్టి సడలింపు అనగానే ఏదో పాపం చేసినట్టు చూడకండి.

ఖర్చు ఏమిటి మరి? లాకుల పద్ధతిలో చదివేవాడు రాసేవాణ్ణి ఆపుతాడు, రాసేవాడు చదివేవాణ్ణి ఆపుతాడు. మార్కెట్ కార్యదర్శి ఒక పెద్ద రిపోర్ట్ తీస్తుంటే బిడ్లన్నీ ఆగిపోతాయి. దీనికి మందుగా వచ్చిందే పాత వెర్షన్లు దాచిపెట్టే పద్ధతి, ఎంవీసీసీ. రిపోర్ట్ తీసేవాడికి అతను మొదలుపెట్టిన క్షణం నాటి బొమ్మ చూపిస్తారు, రాసేవాళ్లు తమ పని చేసుకుంటారు. ఇవాళ మీరు వాడే పెద్ద డేటాబేస్‌లలో ఎక్కువ ఇదే దారిలో ఉన్నాయి. చాలా గొప్ప సౌకర్యం, అందులో సందేహం లేదు. కానీ మన ఇద్దరు గుమాస్తాలకూ పాత బొమ్మ చూపించి 12 లక్షలు చేసింది కూడా ఇదే.

ఇక లెవెల్ పేర్ల సంగతి. దీని మీద కొంచెం ఎక్కువసేపు ఉంటాను, ఎందుకంటే జనం దెబ్బతినేది ఇక్కడే. పోస్ట్‌గ్రెస్, ఒరాకిల్, ఎస్‌క్యూఎల్ సర్వర్, ఈ మూడు డేటాబేస్‌లలో మీరేమీ చెప్పకపోతే వచ్చేది రీడ్ కమిటెడ్, అంటే కమిట్ అయిన డేటా మాత్రమే చదివే లెవెల్. మైఎస్‌క్యూఎల్ లోపలి ఇన్నోడీబీ ఇంజన్‌లో రిపీటబుల్ రీడ్, అంటే ఒకసారి చదివింది మళ్లీ చదివినా అలాగే కనబడే లెవెల్. ఈ రిపీటబుల్ రీడ్ అన్న ఒక్క పేరే తీసుకోండి. పోస్ట్‌గ్రెస్‌లో మీరు చదివిన వరుసను ఈలోపు ఇంకొకరు మార్చి కమిట్ చేస్తే, మీరు దాన్ని మార్చబోయినప్పుడు ఎర్రర్ ఇచ్చి ఆపేస్తుంది. ఇన్నోడీబీలో మామూలు సెలెక్ట్‌కు, అంటే చదివే ఆదేశానికి పాత బొమ్మ చూపిస్తుంది, మార్చే ఆదేశమైన అప్‌డేట్ మాత్రం తాజా వరుస మీద చేసేస్తుంది, మిమ్మల్ని ఆపదు. మీరు సెలెక్ట్‌లో చదివిన పాత విలువతో లెక్క వేసి తిరిగి రాస్తే, మధ్యలో ఇంకొకరు రాసింది గాలికి పోతుంది. పేరు ఒకటే, నడక వేరు. ఒరాకిల్‌లో సీరియలైజబుల్ అని అడిగినా మీకు దక్కేది స్నాప్‌షాటే. పోస్ట్‌గ్రెస్‌లో కూడా 2011లో 9.1 వెర్షన్ వచ్చేదాకా అంతే. అంటే మన గుమాస్తాల తప్పు 'సీరియలైజబుల్' అని రాసి ఉన్న చోట కూడా జరగవచ్చు.

కాబట్టి ఎవరైనా "మేం ఫలానా లెవెల్ వాడుతున్నాం" అంటే నేను అడిగేది, ఏ డేటాబేస్, ఏ వెర్షన్, మీరు కోరుకున్నారా లేక వచ్చింది ఉంచేశారా అని. డీఫాల్ట్ ఎంచుకున్నది కంపెనీవాడు. వాడికి మీ డిపాజిట్ పరిమితి సంగతి తెలియదు.

ఇప్పుడు మన 12 లక్షల గొడవ తీర్చుదాం. మూడు దారులు చెబుతాను.

మొదటిది అందరికీ తట్టేది. బిడ్లు కూడే ముందు ఖరీదుదారు వరుసను 'సెలెక్ట్ ఫర్ అప్‌డేట్'తో లాక్ చేయడం. మొదటి గుమాస్తా లాక్ తీసుకుంటాడు, రెండోవాడు ఆగుతాడు. మొదటివాడు కమిట్ అయ్యాక రెండోవాడు కూడితే 9 లక్షలు వస్తుంది, ఇంకో 3 చేరిస్తే 12, కాబట్టి కుదరదు. బాగుంది. పోస్ట్‌గ్రెస్‌లో రీడ్ కమిటెడ్ ఉన్నప్పుడు ఇది పనిచేస్తుంది, ఎందుకంటే అక్కడ ప్రతి స్టేట్‌మెంట్‌కూ (ఒక్కో ఆదేశానికీ) కొత్త బొమ్మ తీస్తారు. ఇప్పుడు ఒక జాగ్రత్తపరుడు వచ్చి, "డబ్బుల వ్యవహారం, లెవెల్ ఇంకొంచెం పెంచుదాం" అని రిపీటబుల్ రీడ్ పెట్టాడనుకోండి. తప్పు తిరిగొస్తుంది! రెండో గుమాస్తా ట్రాన్సాక్షన్‌కు బొమ్మ అతని మొదటి స్టేట్‌మెంట్ దగ్గరే, అంటే లాక్ కోసం ఆగిన చోటే తీసేశారు. లాక్ దొరికాక కూడినా పాత బొమ్మలోని 6 లక్షలే కనబడుతుంది. ఖరీదుదారు వరుసను మొదటివాడు లాక్ మాత్రమే చేశాడు, మార్చలేదు, కాబట్టి ఎర్రర్ కూడా రాదు. నోరు మెదపకుండా 12 లక్షలు. లెవెల్ పెంచితే భద్రత పెరుగుతుందని కళ్లు మూసుకుని నమ్మేవాళ్లు ఈ ఒక్క ఉదాహరణ ఇంటికెళ్లి చేసి చూడండి.

రెండో దారి నాకు నచ్చేది. ఖరీదుదారు వరుసలోనే 'ఇప్పటిదాకా వాడుకున్నది' అని ఒక కాలమ్ పెట్టండి. బిడ్ వేసేటప్పుడు ఒకే అప్‌డేట్: వాడుకున్నదానికి 3 లక్షలు కలుపు, కలిపిన తర్వాత పరిమితిలోపు ఉంటేనే. ఎన్ని వరుసలు మారాయో చూడండి. ఒకటైతే బిడ్ చేర్చి కమిట్ చేయండి, సున్నా అయితే "పరిమితి దాటింది" అని చెప్పండి. చదివి, ప్రోగ్రామ్‌లో లెక్కవేసి, తిరిగి రాయడం ఉండదు. లెక్కా తనిఖీ రెండూ డేటాబేస్ లోపలే ఒక్క దెబ్బలో అయిపోతాయి. దానికి తోడు ఒక చెక్ కన్‌స్ట్రయింట్, అంటే పరిమితి దాటే విలువను డేటాబేసే నిరాకరించే నియమం కూడా పెడితే, రేపు ఇంకో కుర్రాడు వేరే స్క్రీన్ నుంచి తప్పుగా రాసినా డేటాబేస్ ఒప్పుకోదు. ఖర్చు ఎంత? ఒకే ఖరీదుదారు గుమాస్తాలు ఒకరికోసం ఒకరు కొన్ని మిల్లీసెకన్లు ఆగుతారు. వేరే ఖరీదుదారులకు దీంతో సంబంధమే లేదు.

మూడో దారి నిజమైన సీరియలైజబుల్. పోస్ట్‌గ్రెస్ 9.1 నుంచి ఉన్నది కేహిల్, రోమ్, ఫెకెటె 2008లో చెప్పిన పద్ధతి. అది లాక్ వేసి ఎవరినీ ఆపదు, ఎవరు ఏం చదివారో రాసుకుంటుంది. మొదటి గుమాస్తా చదివిన జాబితాలోకి రెండోవాడు కొత్త బిడ్ చేర్చాడు, మొదటివాడు దాన్ని చూడలేదు. అంటే వరసలో మొదటివాడు ముందుండాలి. అటువైపు నుంచి చూస్తే రెండోవాడు చదివిన జాబితాలోకి మొదటివాడు చేర్చాడు. అంటే రెండోవాడు ముందుండాలి. ఇద్దరూ ముందు ఉండలేరు కాబట్టి ఒకరిని రద్దు చేస్తుంది. స్నాప్‌షాట్‌లో వచ్చే ఇలాంటి ప్రతి చిక్కులోనూ ఇలా ఒకరు ఇంకొకరికంటే ముందుండాలని చూపే బాణాలు రెండు వరసగా ఉంటాయని ఫెకెటె బృందం 2005లో నిరూపించింది. అందుకే బాణాలు తిరిగి మొదటికి వచ్చే చక్రం మొత్తం వెతకకుండా ఆ రెండు బాణాలు కనబడగానే ఒకరిని రద్దు చేస్తారు. కొన్నిసార్లు అనవసరంగా కూడా రద్దు చేస్తారు, అది దాని ధర. దీన్ని పోస్ట్‌గ్రెస్‌లో చేర్చిన పోర్ట్స్, గ్రిట్‌నర్ 2012లో రాసిన దాని ప్రకారం స్పీడ్ మామూలు స్నాప్‌షాట్ కంటే కొద్దిగా మాత్రమే తగ్గింది. చదవడం ఎక్కువగా ఉండే పనుల్లో పాత లాకింగ్ కంటే చాలా మెరుగ్గా ఉంది.

అయితే దీనికి ఒక షరతు. రద్దయిన ట్రాన్సాక్షన్‌కు 40001 అనే కోడ్ వస్తుంది. అది వస్తే మీ ప్రోగ్రామ్ మొత్తం మళ్లీ మొదటినుంచీ నడపాలి. మొదటినుంచీ అంటే చదవడం దగ్గర్నుంచి. పాత కూడిక దగ్గర ఉంచుకుని చివరి ఇన్సర్ట్ (బిడ్ చేర్చే ఆదేశం) మాత్రమే మళ్లీ చేస్తే ఇంత చేసిందీ బూడిదలో పోసినట్టే. మళ్లీ నడిపే కోడ్ లేకుండా సీరియలైజబుల్ పెట్టిన ప్రోగ్రామ్ యూజర్‌కు ఎర్రర్ స్క్రీన్ చూపిస్తుంది, యూజర్ తిడతాడు, మేనేజర్ లెవెల్ దించమంటాడు. చాలాచోట్ల కథ ఇలాగే ముగుస్తుంది.

మళ్లీ నడపడం అన్నప్పుడే ఇంకోటి. షెడ్డు లోపల సిగ్నల్ సరిగా ఉండదు. గుమాస్తా బటన్ నొక్కాడు, కమిట్ అయింది, జవాబు ఫోన్‌కు చేరలేదు. మళ్లీ నొక్కుతాడు. ప్రతి బిడ్‌కూ ఫోన్‌లోనే ఒక నంబర్ పుట్టించి, ఆ నంబర్ మీద యూనిక్ కన్‌స్ట్రయింట్ (ఒకే నంబర్ రెండుసార్లు రాకూడదన్న నియమం) పెట్టండి. రెండోసారి వస్తే డేటాబేసే పట్టుకుంటుంది. ఒకే లాట్‌కు రెండు తక్‌పట్టీలు రాకుండా చూసేదీ ఇలాంటిదే. యూనిక్ కన్‌స్ట్రయింట్ ఏ ఐసోలేషన్ లెవెల్‌లోనైనా పనిచేస్తుంది. ఇంత చవకైన కాపలా ఉండగా జనం ప్రోగ్రామ్‌లో 'ముందు ఉందో లేదో చూడు, లేకపోతే చేర్చు' అని ఎందుకు రాస్తారో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ఇవన్నీ పుస్తకాల్లో భయాలు అనుకుంటున్నారేమో. 2014 మార్చిలో ఫ్లెక్స్‌కాయిన్ అనే బిట్‌కాయిన్ సంస్థ మూతబడింది. ఒక ఖాతానుంచి ఇంకో ఖాతాకు ఒకేసారి వేలకొద్దీ బదిలీ రిక్వెస్టులు పంపి, బ్యాలెన్స్ తగ్గేలోపే మళ్లీ మళ్లీ తీసుకుని 896 బిట్‌కాయిన్లు పట్టుకుపోయారు. చూశారా, అక్కడ ఎవరూ పాస్‌వర్డ్ దొంగిలించలేదు. తర్వాత 2017లో స్టాన్‌ఫర్డ్ నుంచి వార్షావ్‌స్కీ, బెయిలిస్ ఆన్‌లైన్ షాపులు వాడే 12 సాఫ్ట్‌వేర్లను పరీక్షించి ఇలాంటి 22 లోపాలు చూపించారు. గిఫ్ట్ కార్డులోని డబ్బును ఒకటికి రెండుసార్లు వాడుకోవడం లాంటివి. మామూలు రోజుల్లో ఇలాంటి తప్పు కనబడదు. రద్దీ పెరిగితేనో, ఎవడో కావాలని ఒకేసారి రెండు రిక్వెస్టులు పంపితేనో బయటపడుతుంది.

సరే, ఇప్పుడు స్పీడ్ వైపు వద్దాం. మన మార్కెట్ గేటు దగ్గర పెద్ద డిజిటల్ బోర్డు పెట్టాం. 'ఈ రోజు వచ్చిన బస్తాలు' అని. కొత్తగా చేరిన ప్రోగ్రామర్ దాన్ని ఎలా కడతాడు? 'మొత్తం' అనే టేబుల్లో ఒకే ఒక వరుస పెట్టి, ప్రతి గేట్ ఎంట్రీకీ దాన్ని పెంచుతాడు. అదీ గేట్ ఎంట్రీ ట్రాన్సాక్షన్ లోపలే. ఇక సీజన్‌లో తెల్లవారుజామున ట్రాలీలన్నీ ఒక్కసారి వస్తాయి. ప్రతి ఎంట్రీ ఆ ఒక్క వరుస కోసం క్యూ కట్టాలి. లెక్క వేయండి. ఆ వరుస మీద లాక్ 40 మిల్లీసెకన్లు ఉంటే, సెకనుకు 25 ఎంట్రీల కంటే ఎక్కువ పోవు. సర్వర్ ఎంత పెద్దది కొన్నా అంతే. ఆ ట్రాన్సాక్షన్ లోపలే రైతుకు ఎస్సెమ్మెస్ పంపే కాల్ కూడా పెట్టాడనుకోండి, అది 800 మిల్లీసెకన్లు తీసుకుంది. సెకనుకు ఒక ఎంట్రీ, కాస్త పైన. గేటు బయట ట్రాలీల వరస ఎక్కడిదాకా పోతుందో చెప్పండి. అప్పుడు ఫోన్ వస్తుంది, "లాకులేమైనా తీసేయొచ్చా?" అని.

ఇక్కడ లెవెల్ దించినా ఏ ఉపయోగమూ లేదు! ఒకే వరుసను ఇద్దరు రాయడం అన్నది రీడ్ కమిటెడ్‌లోనూ ఒకరి తర్వాత ఒకరే జరుగుతుంది. ఎస్సెమ్మెస్‌ను కమిట్ తర్వాతకి నెట్టండి. బోర్డు లెక్కను ఎంట్రీల టేబుల్ నుంచి కొన్ని సెకన్లకోసారి కూడి చూపించండి. బోర్డు మీద బస్తాలు పది తక్కువ కనబడితే ఎవరి కొంపా మునగదు. కాగితం మీద నియమాలు రాసినప్పుడు 'బోర్డు లెక్క ఆ క్షణానికి సరిగ్గా ఉండాలి' అని ఎవరైనా రాశారా? రాయలేదు. డిపాజిట్ పరిమితి రాశాం. కాబట్టి సడలింపు బోర్డుకు, గట్టి కాపలా పరిమితికి.

ఇంకో రకం ఉంది, కనబడకుండా తినేసేది. ప్రోగ్రామ్ ట్రాన్సాక్షన్ తెరిచి, ఒక సెలెక్ట్ చేసి, యూజర్ జవాబు కోసం కూర్చుంటుంది. యూజర్ చాయ్ తాగడానికి వెళతాడు. పోస్ట్‌గ్రెస్‌లో ఆ తెరిచిన స్నాప్‌షాట్ ఉన్నంతసేపూ దానికి కనబడే అవకాశమున్న పాత వెర్షన్లను వాక్యూమ్ అనే శుభ్రపరిచే పని తీసేయలేకపోతుంది. టేబుల్ ఉబ్బిపోతుంది, క్వెరీలు నెమ్మదిస్తాయి, అందరూ తప్పు ఇండెక్స్‌ది (డేటా వెతికే సూచికది) అనుకుని దాని మీద పడతారు. ఇలా తెరిచి ఖాళీగా కూర్చోవడాన్ని 'ఐడిల్ ఇన్ ట్రాన్సాక్షన్' అంటారు, దానికి టైమవుట్ పెట్టే సెట్టింగ్ ఉంది, పెట్టండి.

లాకింగ్ వ్యవస్థ మోసే బరువు అసలు ఎంత అన్నదానికి ఒక పాత కొలత ఉంది. 2008లో హరిజోపౌలోస్, అబాది, మాడెన్, స్టోన్‌బ్రేకర్ కలిసి షోర్ అనే డేటాబేస్‌ను తీసుకుని, డేటా అంతా మెమరీలో ఉంచి, ఒక ఆర్డర్ ట్రాన్సాక్షన్‌లో ఏ పనికి ఎన్ని ఇన్‌స్ట్రక్షన్లు పోతున్నాయో లెక్కపెట్టారు. లాకింగ్‌కు సుమారు 16 శాతం. డేటా పేజీలను మెమరీలో చూసుకునే బఫర్ మేనేజర్‌కు దాని రెట్టింపు కంటే ఎక్కువ. అంటే లాక్ పెట్టే పని ఖర్చు ఉన్నమాట నిజమే, కానీ జనం చెప్పుకునేంత కాదు. అసలు దెబ్బ ఆగడంలో ఉంది, ఎంతసేపు ఆగాలన్నది మాత్రం మీరు రాసే కోడ్‌ను బట్టి ఉంటుంది. గూగుల్‌వాళ్లు 2012లో తమ డేటాబేస్ స్పానర్ గురించి రాసినప్పుడు కూడా ఇదే పక్షం వహించారు. ట్రాన్సాక్షన్లు ఎక్కువగా వాడి స్లో అయితే అప్పుడు చూసుకోవచ్చు, అవి లేకుండా ప్రోగ్రామర్లు అవస్థపడటం కంటే అదే నయం అని వాళ్ల అభిప్రాయం.

నా మాటలు ఇక్కడికి ఆపుతాను. ప్రశ్నలు అడగండి.

ఒక విద్యార్థిని: సార్, మరి అన్నీ సీరియలైజబుల్ పెట్టేసి మర్చిపోవచ్చు కదా?

కొత్త ప్రాజెక్టులో అయితే నేను అలాగే మొదలుపెడతానమ్మా. మళ్లీ నడిపే కోడ్ మొదటి రోజే రాసుకుని. కానీ ఒక్కటి చూసుకోవాలి. పోస్ట్‌గ్రెస్‌లో ఈ కాపలా సీరియలైజబుల్‌లో నడిచే ట్రాన్సాక్షన్ల మధ్యనే. ఒక్క స్క్రీన్ రీడ్ కమిటెడ్‌లో ఉండి అదే టేబుల్లో రాస్తుంటే, దాని విషయంలో హామీ లేదు. ఇక మర్చిపోవడం అంటావా, 2020లో డేటాబేస్‌లను పరీక్షించే జెప్సన్ పరీక్షల్లో పోస్ట్‌గ్రెస్ 12.3 సీరియలైజబుల్‌లోనే ఒక బగ్ దొరికింది. ఆ తర్వాత సరిచేశారు. అంత పేరున్న కోడ్‌లోనూ ఏళ్ల తరబడి దాగి ఉంది. అందుకే చెక్ కన్‌స్ట్రయింట్ మాత్రం తీసేయకు.

ఒక విద్యార్థి: డెడ్‌లాక్ వస్తే డేటాబేసే చూసుకుంటుంది కదా సార్, మనం పట్టించుకోవాలా?

పట్టించుకోవాలి. ఇద్దరు ఒకరి లాక్ కోసం ఇంకొకరు ఎదురుచూస్తూ ఇరుక్కుపోవడమే డెడ్‌లాక్. పోస్ట్‌గ్రెస్ డీఫాల్ట్‌గా ఒక సెకను ఆగాక డెడ్‌లాక్ ఉందేమోనని వెతుకుతుంది. ఇన్నోడీబీ వెంటనే పట్టుకుని ఒక ట్రాన్సాక్షన్‌ను మొత్తం రద్దు చేస్తుంది. కానీ డెడ్‌లాక్ కాకుండా ఊరికే చాలాసేపు ఆగాల్సి వస్తే, ఇన్నోడీబీ డీఫాల్ట్‌గా 50 సెకన్ల తర్వాత ఎర్రర్ ఇస్తుంది. అప్పుడు రద్దయ్యేది ఆ ఒక్క స్టేట్‌మెంటే, ట్రాన్సాక్షన్ ఇంకా తెరిచే ఉంటుంది. నీ ప్రోగ్రామ్ ఆ ఎర్రర్‌ను మింగేసి కమిట్ అంటే సగం పని కమిట్ అవుతుంది. ఎర్రర్ వస్తే ముందు రోల్‌బ్యాక్ చెయ్, అంటే ట్రాన్సాక్షన్ మొత్తం వెనక్కి తీసుకో. ఇక డెడ్‌లాక్‌లు తగ్గాలంటే రెండు మూడు లాట్లు ఒకే ట్రాన్సాక్షన్‌లో ముట్టుకునేటప్పుడు ఎప్పుడూ నంబర్ వరసలోనే ముట్టుకో.

ఇంకో విద్యార్థి: సార్, డేటాబేస్ బయట మెమరీలో నడిచే రెడిస్‌లో లాక్ పెట్టుకుంటే డేటాబేస్ మీద భారం తగ్గుతుంది కదా?

ఆ లాక్‌కు గడువు పెడతావు, అవునా? పెట్టకపోతే ప్రోగ్రామ్ మధ్యలో చచ్చిపోతే లాక్ ఎప్పటికీ ఉండిపోతుంది. గడువు 10 సెకన్లు అనుకుందాం. నీ ప్రోగ్రామ్ మెమరీ శుభ్రం చేసుకుంటూనో, సర్వర్ బిజీగా ఉండో 12 సెకన్లు ఆగిపోయింది. లేచాక లాక్ ఇంకా తనదే అనుకుని రాసేస్తుంది. ఈలోపు ఇంకొకరు లాక్ తీసుకున్నారు. భారం తగ్గించడానికి పెట్టుకో, అభ్యంతరం లేదు, ఒకే పని ఇద్దరు చేయకుండా ఆదా అవుతుంది. కానీ పరిమితి తనిఖీ అప్‌డేట్‌లోనే ఉండాలి.

టైమ్ అయిపోయిందంటున్నారు. ఇందాక చెప్పిన లాక్, రిపీటబుల్ రీడ్ ప్రయోగం చేయాలనుకునేవాళ్లు ఇప్పుడే నాతో ల్యాబ్‌కు రండి. పోస్ట్‌గ్రెస్ ఉన్న ఒక సిస్టమ్, పక్కపక్కన రెండు విండోలు చాలు. మొదటి విండోలో లాక్ తీసుకుని ఆగండి, రెండో విండోలో అదే స్టేట్‌మెంట్ కొట్టండి, తర్వాత మొదటిదాంట్లో బిడ్ చేర్చి కమిట్ చేసి, రెండో విండోలో కూడిక ఎంత వచ్చిందో చూడండి.